లండన్–న్యూయార్క్: దూరం ఒకటే, వెళ్లేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఒక లెక్క

లండన్‌లోని హీత్రో విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే విమానాశ్రయానికి గగనమార్గంలో సుమారు 5,550 కిలోమీటర్లు. అయినా టికెట్ మీద పడమటి ప్రయాణం దాదాపు 8 గంటలు, తూర్పు ప్రయాణం దాదాపు 7 గంటలు ఉంటుంది.

తేడా అంతా గాలిదే. అట్లాంటిక్ పైన జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో వేగంగా వీచే గాలి ప్రవాహం) పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ జోరుగా. గాలిలో విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు అనుకోండి. 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీది లెక్కలో 800 మాత్రమే, అంటే 6 గంటల 56 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 1,000. 5 గంటల 33 నిమిషాలు. విమానం రన్‌వే దాకా నేల మీద వెళ్లడం, పైకి ఎగరడం, కిందికి దిగడం, వరుసలో తన వంతు కోసం ఆగడం దీనికి అదనం. దూరాన్ని 900తో భాగించి ఊరుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే.

2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల ఊపుతో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 5 గంటలలోపే చేరింది. అలాంటిది మీ టికెట్‌కూ జరుగుతుందని ఆశపడొద్దు.

గడియారం మాత్రం తిరకాసు. న్యూయార్క్ 5 గంటలు వెనక (మార్చిలో కొన్ని వారాలు, అక్టోబరు చివర ఒక వారం 4). ఉదయం 11కు లండన్‌లో ఎక్కితే మధ్యాహ్నం 2కే దిగుతారు. తిరుగు ప్రయాణంలో రాత్రి 9కి ఎక్కితే మర్నాడు ఉదయం 9. మధ్యలో నిద్రకు మిగిలేది అయిదు గంటలే.