.30-06 కేసులతో 8×57 మౌజర్ తూటాలు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఒహాయోలో ఉంటాను. నా దగ్గరున్న యుగోస్లావియా ఎం48 మౌజర్ రైఫిల్ 8×57 తూటాలు పేలుస్తుంది. దానికి కొన్నేళ్లుగా .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ తూటాల ఖాళీ కేసులనే (మందును, గుండును పట్టి ఉంచే ఇత్తడి తొడుగులు) మలిచి వాడుతున్నాను. పద్ధతి బాగా పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. అయితే కేసు ఆకారం మార్చడం ఇందులో తేలికైన పని. అసలు శ్రమంతా ఆ తర్వాత మెడ (గుండును పట్టే సన్నటి మూతి భాగం) మందాన్ని సరిచూడటంలోనే ఉంది. దానికి ఓపిక లేనివారు తయారు కేసులు కొనుక్కోవడమే మేలు. ప్రీవీ పార్టిజాన్ వంటి కంపెనీల 8×57 కేసులు ఇక్కడ దొరుకుతూనే ఉన్నాయి. నేను మలుచుకోవడానికి కారణం, వేటకు వెళ్లే మిత్రులు తమ .30-06 ఖాళీలు నాకు ఇచ్చేయడం. ఏ రైఫిల్‌లో పేలిందో, ఎన్నిసార్లు పేలిందో తెలిసిన ఇత్తడి కొత్త సరుకంత విలువైనది.

ఈ రెండు తూటాలకూ జత కుదరడం యాదృచ్ఛికం కాదు. జర్మన్లు 1888లో తెచ్చిన 8×57 తూటా అడుగు వ్యాసం దాదాపు 12 మిల్లీమీటర్లు. అమెరికా సైన్యం 1906లో తీసుకున్న .30-06 అడుగు కూడా దాదాపు అంతే. అందుకే ప్రెస్‌లో (కేసును డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కే యంత్రం) కేసును పట్టే హోల్డర్ రెంటికీ ఒకటే. తేడా పొడవులో, మెడలో ఉంది. .30-06 కేసు 63.35 మిల్లీమీటర్లు, మౌజర్‌ది 57. గుండు వ్యాసం అక్కడ .308 అంగుళాలు, ఇక్కడ .323. అంటే కేసును కురచ చేయాలి, భుజాన్ని (మెడ కింద వాలుగా ఉండే భాగం) కిందికి నెట్టాలి, మిగిలిన మెడను కాస్త వెడల్పు చేయాలి. పాత భుజం ఉన్న చోటే కొత్త మెడ ఏర్పడుతుంది. తర్వాత వచ్చే చిక్కులన్నీ ఇక్కడి నుంచే.

ముందుగా కేసు లోపల వంచిన సన్నటి తీగతో అడుగు దగ్గర తడిమి చూస్తాను. గాడిలా తగిలితే ఆ కేసు అడుగు దగ్గర ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టే, పక్కన పడేస్తాను. తర్వాత చిన్న రంపపు యంత్రంతో 58 మిల్లీమీటర్ల దగ్గర కోసి, అంచులు నున్నగా చేస్తాను. అప్పుడు మెడను, భుజాన్ని వేడిచేసి ఇత్తడిని మెత్తబరుస్తాను. ఈ ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు; నొక్కేకొద్దీ గట్టిపడి చివరికి చిట్లుతుంది. డ్రిల్లుకు బిగించిన సాకెట్‌లో కేసును తిప్పుతూ మంట చూపిస్తే అన్ని వైపులా సమంగా కాగుతుంది. సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే గుర్తు రంగు వాడితే ఊహతో పని ఉండదు. వేడి అడుగు భాగానికి ఎంతమాత్రం పాకకూడదు. అడుగు మెత్తబడిన కేసు పేలితే వాయువు వెనక్కి, మన ముఖం వైపే వస్తుంది.

డైలోకి నెట్టేటప్పుడు ఇంపీరియల్ మైనాన్ని మించిన కందెన నాకు దొరకలేదు. కాటుక దిద్దినంత పలుచగా వేలితో రాస్తే చాలు. ఎక్కువైతే అది పోయే దారిలేక భుజం మీద సొట్టలు పడతాయి. నా ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ ప్రెస్ ఈ పనికి చక్కగా సరిపోయింది. మీటను ఒక్క ఊపున దించను. సగం దాకా నెట్టి, వెనక్కి తీసి, కేసును కాస్త తిప్పి మళ్లీ నెడతాను. ఇత్తడి లొంగుతుంటే ఆ బరువు చేతికి మెత్తగా, ఎడతెగకుండా తెలుస్తుంది. కటుక్కున ఆగిందంటే బలం పెంచకూడదు, బయటికి తీసి చూడాలి. బయటికొచ్చిన కేసు మీద పాత భుజం ఆనవాలు మెడ చుట్టూ సన్నటి గీతలా కనబడుతుంది. అలా కనబడటం మామూలే. చివరి కొలతకు కోయడానికి లీ కంపెనీ పొడవు గేజి చవకగా దొరుకుతుంది, కొలత తప్పదు.

ఇక మెడ సంగతి. పాత భుజపు లోహం మెడలోకి వచ్చింది కాబట్టి మందం ఎక్కువగానూ, ఒకవైపు ఒకలాగానూ ఉండవచ్చు. తూటా పేలినప్పుడు మెడ కొంచెం వ్యాకోచించి గుండును వదలాలి. రైఫిల్‌లో తూటా కూర్చునే చాంబర్‌లో ఆ ఖాళీ లేకపోతే గుండు బిగుసుకుని పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే గుండు బిగించాక మెడ బయటి వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి, నా రైఫిల్‌లోనే పేలిన కేసు మెడతో పోల్చుతాను. పేలిన కేసు మెడలో కొత్త గుండు తనంత తానుగా జారాలి. జారకపోతే మెడను పైనుంచి చెక్కాలి, మెడ లోపల కింది భాగాన ఉంగరంలా పేరుకున్న లోహాన్ని రీమర్ అనే చెక్కుడు పనిముట్టుతో తీయాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని ఎవరూ వదిలేయకూడదని గట్టిగా చెబుతాను.

మందుగుండు విషయంలో సైనిక కేసులతో మరింత జాగ్రత్త కావాలి. గోడలు మందంగా ఉంటే లోపలి చోటు తగ్గుతుంది, అదే మందుకు పీడనం పెరుగుతుంది. ప్రచురిత పట్టికలోని అతి తక్కువ మోతాదుతోనే మొదలుపెడతాను. ఐరోపా ప్రమాణం 8×57కు 3900 బార్ పీడనం వరకు అనుమతిస్తుంది. అమెరికా ప్రమాణం 35,000 పీఎస్‌ఐ దగ్గరే ఆపుతుంది, అంటే సుమారు 2400 బార్. సన్నటి .318 గొట్టం ఉన్న పాత రైఫిళ్లు ఇంకా చెలామణిలో ఉండటమే ఈ తేడాకు కారణం. ఏ పట్టిక ఏ ప్రమాణానికి రాసిందో చూడకుండా అంకెలు ఎత్తుకోవద్దు.

తొలి పేలుడుతో కేసు చాంబర్ ఆకారానికి పూర్తిగా ఒదుగుతుంది. ఆ తర్వాత నా కేసులు మామూలు కేసుల లాగే మన్నుతున్నాయి, నడుమ ఒకటి రెండుసార్లు మెడను మళ్లీ వేడిచేస్తే చాలు. కచ్చితత్వంలో కొన్న కేసులకూ వీటికీ నా రైఫిల్‌లో తేడా కనిపించలేదు.

భారతదేశంలోని పాఠకులకు ఒక మాట: అక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధ చట్టం కింద నేరం. ఇదంతా ఇక్కడి చట్టం అనుమతించే సొంత వాడకం గురించే.

అన్నింటికన్నా నన్ను కలవరపెట్టేది కేసు అడుగున ఉండే ముద్ర. ఎంత మలిచినా దాని మీద .30-06 అనే ఉంటుంది. 8×57 తూటా .30-06 రైఫిల్‌లో పట్టే ప్రమాదం ఉంది; .308 గొట్టంలోకి .323 గుండు దూరితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ప్రతి కేసు అడుగునా చెరగని ఎర్ర రంగు పూస్తాను, డబ్బా నాలుగు వైపులా తూటా పేరు రాస్తాను, .30-06 రైఫిల్ ఉన్న బల్ల మీదికి ఈ డబ్బాను తేను. వీటిని ఎవరికీ అమ్మను, ఇవ్వను. పాడైన కేసు మెడను పట్టుకారుతో నలిపేశాకే తుక్కులో వేస్తాను.