ఐసీడీ10డేటా: ఏళ్లుగా వాడుతున్న కోడర్ మాట

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా చార్టులు (పేషెంట్ రికార్డులు) చదివి జబ్బులకు కోడ్‌లు వేసే నాలాంటి మెడికల్ కోడర్ల బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అది ఐసీడీ10డేటా డాట్ కామ్. జబ్బు పేరు కొడితే ఐసీడీ-10 (జబ్బులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ పద్ధతి) డయాగ్నోసిస్ కోడ్ చూపించే ఉచిత సైటు. ఆఫీసులో డబ్బు కట్టి తీసుకున్న ఎన్‌కోడర్ (కోడ్‌లు వెతికే సాఫ్ట్‌వేర్) ఉన్నా, సందేహం వస్తే ముందు దీన్నే తెరుస్తాను. పేరు కొట్టి వెతకడం ఎక్కడైనా కుదురుతుంది. దీన్ని వదలకపోవడానికి అసలు కారణం కోడ్ కింద ఉండే నోట్స్.

ఒక చార్ట్ తీసుకుందాం. డాక్టర్ అసెస్‌మెంట్‌లో టైప్ 2 డయాబెటిస్, హైపర్‌టెన్షన్, సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) స్టేజ్ 3బీ అని మూడూ వేర్వేరు లైన్లలో రాశారు. ఫ్రెషర్లు చాలామంది మూడు పేర్లూ విడివిడిగా వెతికి ఈ11.9, ఐ10, ఎన్18.32 వేసి చార్ట్ క్లోజ్ చేసేస్తారు. అదే సీకేడీ కోడ్‌లుండే ఎన్18 పేజీ తెరిచి పైనుంచి చదివితే 'కోడ్ ఫస్ట్' నోట్ కనబడుతుంది: డయాబెటిస్‌తో వచ్చిన కిడ్నీ జబ్బయితే ఈ11.22 లాంటి కోడ్, బీపీతో ముడిపడిన కిడ్నీ జబ్బయితే ఐ12 లేదా ఐ13 ముందు రావాలి. అక్కణ్నుంచి ఈ11.22కి వెళ్తే, సీకేడీ స్టేజ్ కోడ్ కూడా జత చేయమని ఉంటుంది. అలా ఒక్కో నోట్ పట్టుకుని వెళ్తే ఈ11.22, ఐ12.9, ఎన్18.32 తేలతాయి. డాక్టర్ 'దీనివల్ల ఇది' అని రాయకపోయినా, సంబంధం లేదని స్పష్టంగా చెప్పనంత వరకు ఉన్నట్టే తీసుకోవాలన్న నియమం మాత్రం అధికారిక గైడ్‌లైన్స్‌లో ఉంది. అది మనమే చదివి ఉండాలి. చదవకుండా సైటు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆడిట్‌లో మార్కులు పోతాయి.

నాకు బాగా నచ్చిన ఇంకో విషయం కోడ్ హిస్టరీ. రిస్క్ అడ్జస్ట్‌మెంట్ (పేషెంట్ల జబ్బులను బట్టి ఇన్సూరెన్స్ చెల్లింపులు లెక్కగట్టే) ప్రాజెక్టుల్లో పాత ఏడాదుల చార్టులు వస్తూనే ఉంటాయి. పేషెంట్ డాక్టర్ని కలిసిన తేదీన ఏ కోడ్ చెల్లుబాటులో ఉందో అదే వేయాలి. నడుం నొప్పికి ఎం54.5 అని అందరికీ నోటికొచ్చేసిన కోడ్ ఉండేది. 2021 అక్టోబర్ 1 నుంచి దాన్ని నేరుగా వేయడానికి లేదు, ఎం54.50, ఎం54.51, ఎం54.59గా విడగొట్టారు. సీకేడీ స్టేజ్ 3 కూడా 2020 అక్టోబర్ 1న అలాగే మూడు ముక్కలైంది. ఏ ఏడాది కొత్తగా వచ్చింది, ఎప్పుడు మారింది అన్నది పేజీ కిందే ఏడాదివారీగా ఉంటుంది. ప్రొడక్షన్ టెన్షన్‌లో ఉన్నప్పుడు ఇది ఎంత సాయమో కోడర్లకే తెలుస్తుంది.

కోడ్ పూర్తయిందో లేదో రంగు గుర్తుతో తెలిసిపోతుంది: బిల్లబుల్ (బిల్లులో నేరుగా వేయదగ్గది) అయితే పచ్చ, కాకపోతే ఎరుపు. కుడి మణికట్టు దగ్గర కోలిస్ ఫ్రాక్చర్ అని వెతికితే ఎస్52.531 దగ్గర ఎరుపు కనబడుతుంది, ఏడో అక్షరం లేదు కాబట్టి. క్లోజ్డ్ ఫ్రాక్చర్‌కి (చర్మం చీలకుండా ఎముక విరిగితే) చికిత్స జరుగుతుంటే ఏడో అక్షరం 'ఏ' (A), మామూలుగా మానుతూ ఫాలో-అప్‌కి వస్తే 'డీ' (D). 'ఏ' పక్కన 'ఇనీషియల్ ఎన్‌కౌంటర్' అని చూసి మొదటి విజిట్ మాత్రమే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. యాక్టివ్ ట్రీట్‌మెంట్ నడుస్తున్నంత కాలం, డాక్టర్ మారినా 'ఏ' అక్షరమే వేయాలి.

జాగ్రత్తగా వాడాల్సిన భాగం 'అప్రాక్సిమేట్ సినానిమ్స్'. వెతకడానికి దారి చూపిస్తుంది, అంతవరకు మంచిదే. కానీ ఆ పేర్లు అధికారిక ట్యాబ్యులర్ లిస్టులోవి (కోడ్‌ల వరుస జాబితా) కావు. 'అప్లికబుల్ టు' కింద ఉన్నవే అందులోవి. నా టీమ్‌లో ఎవరైనా సినానిమ్ చూపించి కోడ్‌ని సమర్థించుకుంటే నేను ఒప్పుకోను.

ఇక ఏ సెర్చ్ టూల్ కూడా చార్ట్ చదవదు. క్లినిక్ విజిట్‌లో 'ప్రాబబుల్ న్యుమోనియా' అని ఉంటే, న్యుమోనియా అని కొట్టగానే జే18.9 వస్తుంది. అవుట్‌పేషెంట్‌లో అది వేయకూడదు. దగ్గుకి ఆర్05.9, జ్వరానికి ఆర్50.9 వంటి లక్షణాల కోడ్‌లే వేయాలి. అదే ఇన్‌పేషెంట్‌లో, డిశ్చార్జ్ నాటికీ ప్రాబబుల్ అనే ఉంటే, న్యుమోనియా ఉన్నట్టే కోడ్ చేయొచ్చు. వెతికే ముందే చార్ట్ ఎక్కడిదో చూసుకోవాలని కొత్తవాళ్లకి పదే పదే చెబుతుంటాను.

మన ఆసుపత్రుల్లో ఇన్సూరెన్స్ డెస్క్ మీద పనిచేసే కొందరు క్యాష్‌లెస్ ఫారంలో ఐసీడీ-10 కోడ్ గడి నింపడానికి కూడా ఈ సైటే చూస్తుంటారు. ఇందులో ఉన్నది అమెరికా కోసం మార్చుకున్న ఐసీడీ-10-సీఎం. డెంగీకి ఈ సైటులో ఏ90 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ఐసీడీ-10లో డెంగీని ఏ97 కిందికి మార్చేశారు. కాబట్టి మన దగ్గర క్లెయిమ్‌లు నింపేవాళ్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-10 బ్రౌజర్ తెరవడం మేలు. అదీ ఉచితమే. సీపీసీ (మెడికల్ కోడర్ సర్టిఫికేషన్) పరీక్షకి చదువుతున్నవాళ్లు మాత్రం కొన్నాళ్లు ఐసీడీ10డేటాని పక్కనబెట్టి కోడ్ పుస్తకం ముందేసుకోండి. ఇండెక్స్‌లో పేరు పట్టుకుని ట్యాబ్యులర్‌లో సరిచూసుకోవడం చేతికి అలవాటయ్యాక ఈ సైటుకి రండి, అప్పుడు ప్రతి నోటూ ఇట్టే అర్థమవుతుంది.