ఫార్మ్ ప్లాట్లు కొనేవారికి హెచ్చరిక: "పంట పోతే ప్రభుత్వం ఇస్తుంది" అన్న మాట మీద డబ్బు కట్టవద్దు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికి హిందూపురం, లేపాక్షి వైపు మామిడి తోటలను పావు ఎకరం, అర ఎకరం చొప్పున అమ్ముతున్న సంస్థలు చాలా ఉన్నాయి. అటువంటి ఒక సంస్థ దగ్గర మా కుటుంబం అర ఎకరం తీసుకుంది. సాగు, కాపలా, అమ్మకం వారే చూసుకుంటారు, అందుకు మేము ఏటా నిర్వహణ రుసుము కట్టాలి. బీమా సంగతి అడిగితే, "ప్రీమియం దండగండీ, వడగండ్లు పడితే ప్రభుత్వమే మీ ఖాతాలో పరిహారం వేస్తుంది" అని వారి ప్రతినిధి ధీమాగా చెప్పాడు. కొత్తగా వస్తున్నవారికీ ఇదే మాట చెబుతున్నారని తెలిసి ఈ హెచ్చరిక రాస్తున్నాను.

వేసవిలో వడగండ్ల వాన పడి నిమ్మకాయంత పిందెలు నేలరాలాయి. చెట్లకు మిగిలిన వాటికి కూడా దెబ్బ తగిలిన చోటల్లా సొన కారి నల్లమచ్చలు కట్టాయి. తరువాత గ్రామ రైతు సేవా కేంద్రంలో అతికించిన పంటనష్టం జాబితా చూస్తే, మా సర్వే నంబరు ఎదుట సంస్థ ఉద్యోగి ఒకరి పేరు ఉంది. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదులో సాగుదారుగా చేరి, వేలిముద్ర వేసి ఈ-కేవైసీ పూర్తి చేసుకున్నది అతడే. ఇందులో అధికారులను అనవలసిందేమీ లేదు, రికార్డులో సాగుదారుగా ఉన్నవారి పేరునే వారు రాసుకున్నారు.

పేరు మాదే ఉన్నా ఎంత వచ్చేదన్నది మరో సంగతి. విపత్తు సహాయ నిధి నుంచి ఇచ్చే పెట్టుబడి రాయితీకి కేంద్రం 2022-23 నుంచి 2025-26 వరకు నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం, పంట 33 శాతం లేదా అంతకు మించి దెబ్బతింటేనే సాయం అందుతుంది. హెక్టారుకు వర్షాధార పంటకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, మామిడి వంటి బహువార్షిక తోటలకు 22,500 రూపాయలు చొప్పున, ఒక్కో రైతుకు రెండు హెక్టార్ల వరకే ఇస్తారు. ఈ లెక్కన అర ఎకరానికి వచ్చేది సుమారు నాలుగున్నర వేలు. రాష్ట్రాలు తమ ఖజానా నుంచి కొంత కలిపి ఇవ్వవచ్చు గానీ, ఇది మళ్లీ సాగు మొదలుపెట్టడానికి చేసే చేయూతే తప్ప పోయిన కాపు విలువ కట్టి ఇచ్చే పరిహారం కాదు. పైగా కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో వడగండ్లు, వరద, కరవు, తుఫాను ఉన్నాయి కానీ మామిడి రైతును ఏటా భయపెట్టే మామూలు ఈదురుగాలి లేదు. దానికి సాయం అందాలంటే రాష్ట్రం దాన్ని ప్రత్యేకంగా స్థానిక విపత్తుగా ప్రకటించి ఉండాలి. అమ్మేవారి బ్రోచర్లలో ఈ ముక్క ఎందుకు కనిపించదో వేరే చెప్పనక్కరలేదు.

ప్రీమియం దండగన్న మాట కూడా నిలవదు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా (పంటల బీమా) పథకంలో గానీ, వాతావరణ ఆధారిత బీమాలో గానీ ఉద్యాన పంటకు రైతు వాటా బీమా మొత్తంలో 5 శాతానికి మించదు. అయితే ఆ పంటను, ఆ ప్రాంతాన్ని ఆ సీజనుకు నోటిఫై చేసి ఉండాలి కాబట్టి ఆ సంగతి రైతు సేవా కేంద్రంలోనే అడిగి తెలుసుకోవాలి.

అడ్వాన్స్ ఇవ్వకముందే 1-బి (భూమి ఎవరిదో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) చూడండి. సబ్‌డివిజన్ చేయకుండా అవిభాజ్య వాటాగా రిజిస్టర్ చేస్తామంటే రికార్డులో మీ పేరు విడిగా వస్తుందో లేదో తేల్చుకోండి. ఈ-పంట నమోదు ఎవరి పేరున జరుగుతుందో, ప్రభుత్వ సాయం వస్తే ఎవరికి చెందుతుందో ఒప్పందంలో రాయించుకోండి. గౌరిబిదనూరు, చింతామణి వైపు కొనేవారు పహణీతో (అక్కడి భూమి రికార్డుతో) పాటు ఆ భూమి ఎవరి ఫ్రూట్స్ ఐడీకి (కర్ణాటక ప్రభుత్వం రైతుకు ఇచ్చే నమోదు సంఖ్యకు) జతపడి ఉందో కూడా చూసుకోవాలి, ఎందుకంటే కర్ణాటకలో పంటనష్టం సొమ్ము ఆ నమోదు ఆధారంగానే ఖాతాలో పడుతుంది.

మా విషయంలో సంస్థవారు ఉద్యోగి పేరు నమోదు కావడం సిబ్బంది పొరపాటని, ఆ సాయం మొత్తాన్ని వచ్చే ఏడాది నిర్వహణ రుసుములో సర్దుతామని ఫోన్‌లో చెబుతున్నారు గానీ, అదే మాట కాగితం మీద పెట్టమంటే ఇంతవరకు పెట్టలేదు.