2009 మోడల్ పెట్రోల్ కారుతో ఏడేళ్లు: స్టార్టింగ్, హీటింగ్ బాధలు

2018లో విజయవాడలో కొన్నప్పుడు మీటరు 68 వేలు, ఇప్పుడు 1,31,000. పోయినేడు ఆర్సీ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను. సీట్లు, ఏసీ, సస్పెన్షన్ అన్నీ బాగానే ఉన్నాయి, వెనక ముగ్గురైతే ఇరుకు. నన్ను నిజంగా ఏడిపించినవి రెండే: స్టార్ట్ కాకపోవడం, హీటెక్కడం.

మొదటి ఏడాదే పొద్దున తాళం తిప్పితే టక్‌మని ఒక్క శబ్దం, అంతే. మెకానిక్ బ్యాటరీ మార్చాడు. రెండు వారాలకు మళ్లీ అదే. ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు విప్పించాను, అయినా తగ్గలేదు. దాదాపు ఏడు వేలు పోయాక నాలుగొందలకు వోల్టులు కొలిచే మల్టీమీటర్ కొన్నాను. ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు, అంటే నిండుగా ఉంది. తర్వాత ఒక వైరు బ్యాటరీ మైనస్ సీసపు మొన మీద, ఇంకోటి ఇంజిన్ లోహం మీద పెట్టి, మా తమ్ముణ్ని సెల్ఫ్ కొట్టమన్నాను. 1.4 వోల్టులు చూపించింది. అక్కడ అర వోల్టు కూడా దాటకూడదు. బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కు కలిపే ఎర్త్ వైరు చివర, ఇంజిన్ కింద, తుప్పుపట్టి, లోపల తీగలు పచ్చగా పొడిపొడిగా ఉన్నాయి. 250 రూపాయల కొత్త వైరు, బోల్టు చోట గరుకు కాగితం. మళ్లీ ఆ బాధ రాలేదు.

అసలు గుర్తు మొదటి రోజు నుంచీ కళ్లముందే ఉంది. తాళం తిప్పినప్పుడు హెడ్‌లైట్లు మసకబారలేదు. బ్యాటరీ పడిపోతే లైట్లూ పడిపోతాయి. లైట్లు వెలుగుతూ టక్‌మంటే సెల్ఫో, దానికి వెళ్లే వైర్లో చూడాలి. సెల్ఫ్ జోరుగా తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే అది పెట్రోలు, స్పార్కుల సంగతి.

హీటింగ్ 2022 మేలో మొదలైంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి లేచేది, ఏసీ కూడా వేడిగాలి కొట్టేది. గుంటూరు రోడ్డెక్కితే రెండూ సర్దుకునేవి. పరుగులో గాలి తగిలితే చల్లబడుతోందంటే రేడియేటర్ ఫ్యాన్ మీద అనుమానం పెట్టుకోవాలి. బ్యాటరీ నుంచి ఫ్యాన్‌కు నేరుగా కరెంటిచ్చినా కదల్లేదు, స్క్రూడ్రైవర్ పిడితో తడితే తిరిగింది. లోపల కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. మోటారు మార్చాను.

2024లో దీనికి తలకిందులు. ఊళ్లో బాగుండేది, హైవేలో తొంభై దాటితే ముల్లు లేచేది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పై హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయింది, ఇరవై వేలని మెకానిక్ అన్నాడు. ఒప్పుకోలేదు. చల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేశాను: ఆగకుండా బుడగలు రాలేదు, ఆయిల్ పాల రంగు తిరగలేదు, తెల్ల పొగ లేదు, అంటే గ్యాస్కెట్ పోయిన గుర్తులేవీ లేవు. రేడియేటర్‌లో మాత్రం గారపట్టి సగం గొట్టాలు మూసుకుపోయాయి. ముందు వాళ్లు బోరు నీళ్లు పోశారు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపే థర్మోస్టాట్ కూడా తీసేసి ఉంది! అది లేకపోతే ఇంజిన్ సరిగా వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొత్త రేడియేటర్, థర్మోస్టాట్ వేయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించాను. మూత కూడా మార్పించాను. ప్రెషర్ నిలబెట్టి, నీళ్లు వంద డిగ్రీలకే మరగకుండా ఆపేది ఆ మూతే. దయచేసి వేడి మీద దాన్ని తీయకండి, మొహం కాలిపోతుంది.

మొన్న ఏప్రిల్లో నలుగురం, ఏసీ వేసుకుని, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కాం. ముల్లు సగం దాటలేదు. బండి అమ్మను.