బూడిద రంగు ఇంట్లో ఆరేళ్ళు

మియాపూర్‌లో మా ఫ్లాట్‌కి 2019లో రంగులు వేయించేటప్పుడు మా అత్తగారు, "కొత్తింటికి బూడిద రంగేంటమ్మా, కాస్త కళగా ఉండేది చూడకూడదూ?" అన్నారు. అయినా హాలు, రెండు బెడ్‌రూములు, వంటింటి కబోర్డులు, బాత్‌రూము టైల్స్ అన్నీ గ్రేలోనే చేయించాను. ఆరేళ్ళు అందులో కాపురం చేశాక ఇది రాస్తున్నాను. హాలు, వంటిల్లు నాకు ఈ రోజుకీ ఇష్టం. ఒక బెడ్‌రూముకి రంగు రెండోసారి వేయించాల్సి వచ్చింది. ఒక బాత్‌రూము విషయంలో మాత్రం పూర్తిగా పొరపాటు పడ్డాం.

ముందు ఆ బెడ్‌రూము సంగతి. హాలుకి వేసిన రంగే దానికీ వేశారు. హాల్లో పొద్దున తూర్పు ఎండ పడితే గోడ పావురం రెక్కలా మెత్తగా ఉంటుంది. బెడ్‌రూముకి ఉన్న ఒక్క కిటికీ ఉత్తరం వైపు. అక్కడ అదే రంగు నీలంగా, ఆస్పత్రి గదిలా కనిపించింది. వేరే డబ్బా కలిపేశాడేమో అని పెయింటర్‌తో గొడవపడ్డాను. తప్పు అతనిది కాదు. గ్రే అంటే నలుపు, తెలుపు మాత్రమే కాదు, లోపల నీలమో, ఆకుపచ్చో, గోధుమో ఏదో ఒక ఛాయ ఉంటుంది. ఉత్తరపు గదిలోకి నేరుగా ఎండ పెద్దగా పడదు, చాలావరకు ఆకాశం నుంచి వచ్చే వెలుతురే దిక్కు. ఆ వెలుతురులో నీలం ఎక్కువ కాబట్టి గోడలో దాగి ఉన్న నీలం పైకి తేలుతుంది. దానికి తోడు మేం పెట్టించినవి 6500 కెల్విన్ తెల్ల ట్యూబులు. వాటి బదులు పసుపు వెలుతురు ఇచ్చే 3000 కెల్విన్ బల్బులు పెట్టగానే రాత్రిపూట గది మారిపోయింది. పగటి సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. చివరికి గోధుమ ఛాయ ఉన్న గ్రే వేయించాకే మనసు కుదుటపడింది.

రెండోసారి షేడ్ కార్డులో అంగుళం ముక్కను నమ్మలేదు. లీటరు డబ్బా తెచ్చి, రెండడుగుల అట్ట మీద రెండు పూతలు వేసి, నాలుగు గోడలకీ ఆనించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేశాక చూశాను. పక్కన తెల్ల కాగితం పెడితే లోపలి ఛాయ ఏదో ఇట్టే తెలిసిపోతుంది. కొన్ని షేడ్ కార్డుల్లో ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె కూడా ఇస్తారు. ఆ రంగు ఎంత వెలుతురు తిప్పి పంపుతుందో దాన్ని బట్టి తెలుస్తుంది. కటిక నలుపుకి 0, స్వచ్ఛమైన తెలుపుకి 100. వెలుతురు తక్కువున్న గదికి నేనైతే 60 కంటే తక్కువ అంకె ఉన్న రంగు తీసుకోను.

ఇక బాత్‌రూము. ముదురు గ్రే టైల్స్ అయితే మురికి కనిపించదని షాపులో చెప్పారు. మురికి సంగతేమో గానీ, మా బోరు నీళ్ళలోని ఉప్పు మొత్తం కనిపిస్తుంది. నీళ్ళు ఆరిన ప్రతిచోటా తెల్లటి చారలే. స్నానం చేసిన ప్రతిసారీ వైపర్‌తో లాగి పొడిగుడ్డతో తుడిస్తే తప్ప శుభ్రంగా ఉండదు. వారం వదిలేస్తే పొర కడుతుంది, అప్పుడు వెనిగర్ నీళ్ళతో రుద్దాలి. ఇల్లంతా చూసి మెచ్చుకున్నవాళ్ళు ఆ బాత్‌రూములోకి వెళ్తుంటే నాకు టెన్షన్. లేత గ్రే టైల్స్ వేసిన రెండో బాత్‌రూములోనూ అవే నీళ్ళు, కానీ అక్కడ చారలు కంటికి ఆనవు.

ఒక జాగ్రత్త. ఆ వెనిగర్ గానీ, యాసిడ్ గానీ తాండూరు బండలకీ నాపరాళ్ళకీ తగలనివ్వకండి. అవి సున్నపురాయి జాతి, పులుపు తగిలితే మెరుపు పోయి పైపొర తినేస్తుంది. గ్రే మనది కాదు, విదేశీ ఫ్యాషన్ అని ఎవరైనా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. నేను పుట్టి పెరిగింది బేతంచెర్ల దగ్గర. మా ఇంటి గచ్చంతా బూడిద రంగు నాపరాళ్ళే. ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా లేకుండా ఆ బండల మీదే పడుకునేవాళ్ళం. ఈ రంగు మీద నా ఇష్టం అక్కడి నుంచే వచ్చింది.

వంటింట్లో మధ్యస్థపు గ్రే మ్యాట్ సన్‌మైకా వేయించాం. జిడ్డు వేలిముద్రలు కాస్త పడతాయి, సబ్బునీళ్ళ గుడ్డతో పోతాయి. టైల్స్ మధ్య సందులకి గ్రే గ్రౌట్ పెట్టించడం మేం చేసిన మంచి పని. పోపు చిటపటలూ పసుపూ పడే చోట ఆరేళ్ళయినా పచ్చబడలేదు.

గోడలకి మ్యాట్ ఎమల్షన్ చూడ్డానికి బాగుంటుంది. కానీ పిల్లల చేతి మరకలు పోవాలని గట్టిగా రుద్దితే అక్కడ మెరుపు మచ్చ పడుతుంది. పిల్లలున్న ఇంట్లో కొంచెం షీన్, అంటే మెరుపు, ఉన్నది తీసుకోండి. డబ్బా మీది షేడ్ కోడ్ ఫోటో తీసి దాచుకోండి. గ్రేలో టచప్ కొంచెం తేడా వచ్చినా అతుకు వేసినట్టు కనిపిస్తుంది.

ఈ గోడల ముందు మిగతా రంగులు ఎంత బాగుంటాయో ఉండేకొద్దీ తెలిసింది. సోఫా మీద పోచంపల్లి ఇక్కత్ గలీబులు, అలమరలో కొండపల్లి బొమ్మలు తెల్లగోడ ముందు ఇంత నిండుగా ఎప్పుడూ లేవు. దసరాకి హాలు గోడకి కట్టిన బంతిపూల దండ చూసి అత్తగారు, "పూలకి భలే అమిరిందే" అన్నారు. ఆ దండ వాడిపోయినా మూడు రోజులు తీయనివ్వలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఆ ముదురు టైల్స్ తీయించేస్తున్నాం. లేత గ్రే నమూనాలు నాలుగు తెచ్చి, ఇప్పుడు రోజూ వాటి మీద బోరు నీళ్ళు చల్లి ఆరబెట్టి చూస్తున్నాను.