విడాకులప్పుడు ఇంటికి విలువ ఎవరిచేత కట్టించాలి?

మా అక్క ఇల్లు నెల్లూరు వేదాయపాళెంలో, 30 అంకణాల స్థలం. అంకణం అంటే మా దగ్గర 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. విడిపోదామనుకున్నాక ఇల్లు బావ తీసుకునేటట్టు, అక్క వాటా డబ్బుగా ఇచ్చేటట్టు మాట్లాడుకున్నాం. ఎంతివ్వాలన్న దగ్గరే మూడు నెలలు నలిగాం.

పెద్దమనుషుల ముందు బావ తరఫువాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తెచ్చిన మార్కెట్ విలువ ధ్రువపత్రం పెట్టారు. మేం బ్రోకర్ చెప్పిన రేటు పట్టుకు కూర్చున్నాం. ఆ పనికి రెండూ పనికిరావు. ప్రభుత్వ విలువ స్టాంపు డ్యూటీ కోసం పెట్టింది. చాలాచోట్ల అసలు ధరకన్నా తక్కువే ఉంటుంది కాబట్టి ఇల్లు తీసుకునేవాళ్లకే లాభం. బ్రోకర్ చెప్పేదేమో అడిగే ధర, ఎవరూ ఇచ్చిన ధర కాదు. అంకణానికి పదివేలు తేడా వస్తే 30 అంకణాల మీద మూడు లక్షలు. బిడ్డను పెట్టుకుని అద్దె ఇంటికి వెళ్లే మనిషికి ఆ మూడు లక్షలు ఎంతో చెప్పక్కర్లేదు.

లోనుకు బ్యాంకు చేయించిన రిపోర్టు ఉందిగా అన్నారు కొందరు. అలాంటి రిపోర్టుల్లో మార్కెట్ విలువతో పాటు, హడావుడిగా అమ్మితే ఎంతొస్తుందన్న తక్కువ అంకె కూడా రాస్తారు. అది బ్యాంకు తన అప్పు భద్రం చూసుకోవడానికి. ఆ తక్కువ అంకెను వాటా లెక్కలోకి తెస్తే ఒప్పుకోకండి.

నా ఓటు రిజిస్టర్డ్ వాల్యూయర్‌కే, అంటే ఆస్తులకు విలువ కట్టే పనికి నమోదైన నిపుణుడికే. స్థలానికి వేరుగా, కట్టడానికి వయసుకు తగ్గ తరుగు తీసి వేరుగా లెక్కేస్తారు. దగ్గర్లో జరిగిన రిజిస్ట్రేషన్లు చూస్తారు. అయితే చెరొకరిని పెట్టుకుంటే రెండు రిపోర్టులతో మళ్లీ మొదటికే వస్తాం. ఇద్దరూ కలిసి ఒకరినే పెట్టుకుని, ఫీజు చెరిసగం వేసుకుని, చూడడానికి వచ్చినరోజు ఇద్దరూ అక్కడే ఉండడం మేలు. ఏ తేదీ నాటి విలువో ముందే కాగితం మీద రాసుకోండి. పరస్పర అంగీకార విడాకుల్లో మొదటి పిటిషన్‌కీ రెండో దశకీ మధ్య మామూలుగా ఆరు నెలలు పడుతుంది, ఆలోపు ధర మారొచ్చు. కొలత గజాల్లో రాయించండి, అంకణం లెక్క కొన్ని ఊళ్లలో 36 చదరపు అడుగులే.

అవతలివాళ్లు గేటు కూడా తీయకపోతే? అప్పుడు కోర్టు కమిషనరే దిక్కు, అంటే కోర్టు తరఫున వెళ్లి చూసి రిపోర్టు ఇచ్చే మనిషి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ రూలు కింద ఆస్తి మార్కెట్ విలువ తేల్చడానికి కోర్టు కమిషనర్‌ను వేయొచ్చు. ఆలస్యమవుతుంది, ఖర్చవుతుంది, కానీ ఆ రిపోర్టు కోర్టు రికార్డులో ఉంటుంది.

విలువలోంచి లోను బాకీ తీసేశాకే వాటా. 60 లక్షల ఇంటి మీద 18 లక్షల అప్పుంటే మిగిలేది 42, సగం 21. ఇల్లు భర్త ఒక్కడి పేరునే ఉంటే మన చట్టంలో భార్యకు సగం దానంతటదే రాదు. అప్పుడు ఆ విలువ, హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద భరణం అడిగేటప్పుడు ఆయన స్థోమత చూపడానికి పనికొస్తుంది.

మావాళ్లు చివరికి ఒకే వాల్యూయర్‌కు ఒప్పుకున్నారు. అంకె మేం అడిగినదానికి తక్కువ, వాళ్లు అన్నదానికి బాగా ఎక్కువ. డబ్బు ఖాతాలో పడిన రోజే అక్క రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టింది.