ఆ నాలుగు పిన్నుల కోసమే ఈ నాస్‌ని ఇంకా పడెయ్యలేదు

రెండు డిస్కుల నాస్ డబ్బా ఇది, అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచుకునే పెట్టె. కంపెనీ పేరు చెప్పను, కింద కాస్త తిట్టేది కూడా ఉంది కాబట్టి. స్పీడెంత, యాప్ ఎలా ఉంది, ఫోన్లోంచి ఫొటోలు ఎలా వెళ్తాయి, ఇవన్నీ ఇప్పటికే చాలామంది చెప్పేశారు. నాకు చెప్పాలనున్నది ఒక్కటే, దీని మదర్‌బోర్డు మీద ఓ మూలన నాలుగు పిన్నులున్నాయి, సీరియల్ పోర్టు అది, వైర్లు పెడితే డబ్బా లోపల ఏం జరుగుతోందో కంప్యూటర్లో చదవొచ్చు, మాన్యువల్లో వాటి ఊసే లేదు, నాకు ఈ డబ్బాలో అన్నిటికంటే నచ్చింది అదే.

ఇది వాడేది నేను కాదు, తెనాలిలో ఫొటో స్టూడియో నడుపుకునే మా బామ్మర్ది. కొనిపించింది నేను, రిపేరుకీ నేనే. పెళ్లి వీడియోలన్నీ దీంట్లోనే, రెయిడ్ 1లో, అంటే ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ ఉంటుంది. ఎండాకాలం, కరెంటు పోతా వస్తా ఉన్న రోజులు, ఒకరోజు పొద్దున్నే ఆన్ చేస్తే పవర్ లైటు మినుకుమినుకుమంటానే ఉందంట, ఎంతసేపటికీ నిలబడదు, పేజీ ఓపెన్ అవ్వదు, ఫోల్డర్లు రావు, నెట్‌వర్క్‌లో ఉన్నావా అని పింగ్ కొడితే మాత్రం జవాబొస్తోంది. నెట్‌వర్క్ మీంచి లాగినై కమాండ్లు కొట్టే ఎస్‌ఎస్‌హెచ్ ఆఫ్‌లో ఉంది. "బావా, డిస్కులు పోయాయంటావా" అని ఫోను. ఆల్బమ్ ఇంకా ఇవ్వని పార్టీలు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, వాడి గొంతులో ప్రాణం లేదు. కస్టమర్ కేర్‌కి చేస్తే ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి, అవ్వకపోతే డబ్బా పంపండి, డేటాకి మా బాధ్యత లేదు, ఇంతే. ఈ మోడల్లో ఆ రీసెట్ డిస్కుల్ని కూడా తుడిచేస్తుందని వాళ్లు ముందు చెప్పలేదు, అడిగితే చెప్పారు!

ఏదీ ముట్టుకోకు అని చెప్తే డబ్బాని దుప్పట్లో చుట్టి రైల్లో హైదరాబాద్ పట్టుకొచ్చేశాడు. నా దగ్గర కోఠి గుజరాతీ గల్లీలో ఎప్పుడో కొన్న సీపీ2102 యూఎస్‌బీ సీరియల్ బోర్డొకటి పడి ఉంది, ఇలాంటి పిన్నుల్ని కంప్యూటర్ యూఎస్‌బీకి కలిపేది. పిన్నుల పక్కన పేర్లేమీ రాసి లేవు, మల్టీమీటర్‌తోనే పట్టుకోవాలి. పవర్ తీసేసి చాసిస్‌కీ ఒక్కో పిన్నుకీ మధ్య బీప్ చూస్తే గ్రౌండ్ దొరికింది. ఆన్ చేశాక కదలకుండా 3.3 వోల్టులు చూపించేది పవర్ పిన్ను, దాన్ని వదిలెయ్యాలి, డబ్బాకి దాని కరెంటు దానికుంది. బూట్ అవుతుంటే రీడింగు అటూ ఇటూ ఊగేది టీఎక్స్, డబ్బా మాటలు పంపేది. మిగిలింది ఆర్‌ఎక్స్, మన మాటలు వినేది. డబ్బా టీఎక్స్ మన ఆర్‌ఎక్స్‌కి, దాని ఆర్‌ఎక్స్ మన టీఎక్స్‌కి, గ్రౌండ్ గ్రౌండ్‌కి, మూడు వైర్లు, అంతే. పాత కంప్యూటర్ల వెనకుండే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు నుంచి తిన్నగా మాత్రం కలపొద్దు, అది ఆర్‌ఎస్-232, ప్లస్ మైనస్ పది పన్నెండు వోల్టులు కొడుతుంది, 3.3 మీద బతికే చిప్పు కాలిపోవచ్చు.

కంప్యూటర్లో పుట్టీ అనే ప్రోగ్రాం తెరిచి స్పీడు 115200 పెట్టి డబ్బా ఆన్ చేశా. స్పీడు తప్పైతే పిచ్చి గీతలు పడతాయి, ఇక్కడ మొదటి లైనే శుభ్రంగా వచ్చింది. ముందు సిస్టంని లేపే బూట్‌లోడర్ యూ-బూట్, ఆటోబూట్ ఆపాలంటే ఏదైనా కీ నొక్కు అని కౌంట్‌డౌన్, తర్వాత సిస్టం గుండెకాయ లాంటి కెర్నెల్ లైన్లు జరజరా. వాటి మధ్యలో రెండు డిస్కుల మోడల్ నంబర్లూ కనపడ్డాయి, ఆ వెనకే రెయిడ్ రెండు డిస్కులతో యాక్టివ్ అని. పక్కనే నిలబడి చూస్తున్నవాడికి "డిస్కులు బానే ఉన్నాయిరా" అన్నా, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత మొదలైంది, నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్, నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్, చోటు లేదని ఒకటే పాట.

చివర్లో లాగిన్ అడిగింది, అడ్మిన్ పాస్‌వర్డే పనిచేసింది. ఎక్కడ ఎంత ఖాళీ ఉందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొడితే వీడియోలుండే పెద్ద వాల్యూమ్‌లో బోలెడు ఖాళీ, సిస్టం ఉండే చిన్న పార్టిషన్ మాత్రం 100 శాతం. ఎవడు నింపాడా అని వెతికితే, వీడియోలకి థంబ్‌నెయిల్స్ చేసే ప్యాకేజీ. కరెంటు పోయినప్పుడు సగం కాపీ అయ్యి ఆగిపోయిన వీడియో ఒకటుంది, దాని దగ్గర ఆగిపోయి అదే ఎర్రర్ మళ్లీ మళ్లీ లాగ్‌లో రాసుకుంటా పోయింది. సర్వీసులు మొదలవ్వాలంటే ఆ పార్టిషన్లో ఏవో చిన్న ఫైళ్లు రాసుకోవాలి, చోటు లేదు, అందుకే పేజీ లేదు. షట్టర్ దించేసిన కొట్టుకి వెనక తలుపు దొరికినట్టయింది నాకైతే. లాగ్ ఖాళీ చేసి, ఆ వీడియో పక్కకి తీసేసి రీబూట్ కొడితే లైటు నిలబడింది. ఇంత చిన్నదానికి డిస్కులు తుడిచెయ్యమన్నారు చూడండి, నా కోపం అక్కడ.

దాని తర్వాత కొన్నాళ్లు ఎవరడిగినా ఈ డబ్బాయే కొనండి, సీరియల్ ఉంది, ఏమైనా బయటపడొచ్చు అని చెప్పా. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పిన్నులు చూడాలంటే వారంటీ స్టిక్కర్ చింపాలి. ఇదే కంపెనీ కొత్త మోడల్ ఒకటి ఆఫీసులో చేతికొస్తే అక్కడా పిన్నులున్నాయి, కానీ బూట్‌లోడర్ రెండు లైన్లు చెప్పి నోరు మూసుకుంటుంది, కీ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. వాళ్లనీ అనలేం, మన పాత డబ్బాలో కౌంట్‌డౌన్ ఆపి బూట్ అయ్యేప్పుడు ఇచ్చే ఆర్గ్యుమెంట్లలో కమాండ్లు కొట్టే షెల్లు పెడితే పాస్‌వర్డ్ లేకుండానే రూట్, అంటే మొత్తం అధికారం, వచ్చేస్తుంది, స్క్రూడ్రైవర్ ఉన్న ఎవడికైనా. మావాడి డబ్బా ఇప్పుడు తాళమేసిన బీరువాలో ఉంటోంది, గాలాడక వేడెక్కుతోంది, అది ఇంకో గోల.

నిజంగా డిస్కు పోయిన రోజు కూడా చూశాం. సీరియల్లో ఆ ఒక్క డిస్కు మీదే రీడ్ ఎర్రర్లు వరసపెట్టి వచ్చాయి, రోగం పేరు తెలిసింది కానీ మందు కొత్త డిస్కే. రెయిడ్ ఉంది కాబట్టి డేటా నిలిచింది. అయినా ఇప్పుడు ప్రతి పెళ్లీ విడిగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కూడా వెళ్తోంది.

కేబుల్ కొనేవాళ్లకి ఒక మాట. మా ఆఫీసు కుర్రాడి సీహెచ్340 బోర్డు, ఇదీ యూఎస్‌బీ సీరియల్‌దే, ఉబుంటు 22.04 లినక్స్‌లో పెట్టగానే వచ్చి మాయమైపోయేది. చూపులేనివాళ్ల బ్రెయిల్ డిస్‌ప్లేల కోసం బీఆర్‌ఎల్‌టీటీవై అని ఒక ప్రోగ్రాం ముందే ఉంటుంది, అది తన పరికరమే అనుకుని లాగేసుకుంటోంది. దాన్ని తీసేస్తే సరిపోయింది, వాడికి దాని అవసరం లేదు కాబట్టి.

కొనమంటారా అంటే, ఇంట్లో మల్టీమీటర్ పట్టుకునేవాళ్లు ఒకరుండి, పాత మోడల్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే కొనండి. మావాడికి బావ ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఫోను చేస్తే కంపెనీ మనిషి వచ్చి చూసుకోవాలి అనుకునేవాళ్లకైతే నేను చెప్పను, కొత్త మోడలైతే అసలు చెప్పను.